గోగుపువ్వూ, మతిమరుపు మందూ

పెద్దతనంలో మతిమరుపు మామూలే, దానికో మందేమిటి అంటారు మనలో చాలామంది. తాళాలు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వేరు, కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అనడం వేరు. ఈ రెండోది జబ్బే. అల్జీమర్ అనే జర్మను వైద్యుడు తన రోగి ఒకావిడ పోయేక ఆమె మెదడును పరీక్షించి, అందులో పేరుకున్న మచ్చల్నీ, చిక్కుపడ్డ పోగుల్నీ 1906లో తోటి వైద్యులకు వివరించేడు. ఆయన పేరే జబ్బుకి నిలిచింది.

దీనికి చెట్టుచేమల్లో మందు వెతకడం ఇప్పుడు ప్రపంచమంతటా సాగుతోంది. అందులో మన వాల్తేరుకీ ఒక పాత చుట్టరికం ఉంది. 1930లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖకు టి. ఆర్. శేషాద్రిగారు అధిపతి. కావేరీతీరాన కుళిత్తలైలో పుట్టి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి వచ్చినవారు. ఇక్కడ ఆయన చేపట్టిన పని ఏమిటంటారా? పువ్వులకు ఆ పసుపు రంగు దేనివల్ల వచ్చిందో తేల్చడం! నీలకంఠంగారితో కలిసి పత్తిపువ్వునీ, సూర్యప్రకాశరావుగారితో కలిసి మన గోంగూర పువ్వునీ శోధించేరు. వాటిలోని ఫ్లేవోనాల్ అనే జాతి పదార్థాల్ని ఒక్కొక్కటిగా వేరుచేసి, నిర్మాణం తేల్చేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసేక విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. గోంగూరకి కొదవలేని ఊరే లెండి.

శిష్యుడు వాల్తేరులో పువ్వులతో కుస్తీపడుతున్న ఆ రోజుల్లోనే, ఇంగ్లండులో గురువు ఒక విషాన్ని ప్రయోగశాలలో తయారుచేయాలని పట్టుబట్టి ఉన్నారు. దాని పేరు ఫైసోస్టిగ్మిన్. పశ్చిమ ఆఫ్రికాలో కలబారు గింజ అని ఉంది. నేరం మోపబడినవాడి చేత దాన్ని మింగించి, బతికితే నిర్దోషి అనేవారట! ఆ గింజలోని విషమిది. చివరికి 1935లో దాన్ని సాధించినవాడు రాబిన్సన్ కాదు, పెర్సీ జూలియన్ అనే అమెరికా నల్లజాతి శాస్త్రజ్ఞుడు.

మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే ఎసిటైల్ కొలీన్ అనే పదార్థం ఈ జబ్బులో తగ్గిపోతుంది. ఉన్న కాస్తా విరిగిపోకుండా ఈ విషం అడ్డుపడుతుంది. దాని పోలికలోనే తయారైన రివాస్టిగ్మిన్‌కు అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడు గాలంటమిన్ వచ్చింది. అది ఐరోపాలో మంచు కరగ్గానే పూసే ఒక తెల్లపువ్వు మొక్కల జాతిలో దొరికిన మందు. రెండూ జబ్బును ఆపలేవు, కొందరికి కొంతకాలం ఊరటనిస్తాయి. అంతే.

మరి మన పువ్వుల మాట? వాటి జాతిదే క్వెర్సెటిన్, ఉల్లిపాయలోనూ ఉంటుంది. పరీక్షనాళికలో అది అల్జీమర్ చూసిన మచ్చల సరుకు గడ్డకట్టకుండా ఆపింది, ఎలకల్లోనూ ఆశ చూపింది. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. పసుపులోని కర్కుమిన్‌ను 24 వారాలు రోగులకిచ్చి చూస్తే గుణం కనపడలేదని 2012లో తేలింది. పసుపంటే ప్రాణం పెట్టే మనకి ఇది కష్టంగానే ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఉక్కునగరంలో నాకు తెలిసిన ఒకింట్లో అత్తగారికి డాక్టరిచ్చిన మాత్ర మాన్పించి, జ్ఞాపకశక్తికని ఏదో ఆకుపొడి మొదలెట్టేరు. మూడు నెలలు తిరక్కుండా ఆవిడ తన వంటింటికే దారి అడగడం మొదలెట్టింది. పొడి అమ్మినవాడు ఇంకో మూడు నెలలు వాడమన్నాడు. థైరాయిడు మందగించినా, బి12 విటమిను లోపించినా కూడా మతిమరుపు వస్తుంది. అది చాలావరకు మందుకి లొంగేదే, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఆ ఇంట్లో ఆ పరీక్ష ఇంకా చేయించలేదు.