‘ఈ సైట్ ప్రమాదకరం’ అని ముద్ర వేసేదెవరు? పొరపాటైతే తీసేదెవరు?

ఫోన్‌లో ఒక సైట్ తెరవగానే స్క్రీన్ మొత్తం ఎర్రగా మారి ‘ముందుకు వెళ్లొద్దు’ అని వస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగడమే మంచిది కూడా. అయితే ఆ హెచ్చరిక పోలీసులు ఇచ్చింది కాదు, కోర్టు ఇచ్చిందీ కాదు. ఒక ప్రైవేట్ కంపెనీ తయారు చేసిన సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ఎక్కువసార్లు అది నిజమే చెబుతుంది. కానీ పొరపాటు పడిన రోజున నష్టపోయేది సైట్ యజమాని. ఉమ్రా ప్యాకేజీలు అమ్మే చిన్న ట్రావెల్స్ అయినా, నిఖా సంబంధాలు చూసే సైట్ అయినా, ఎర్ర స్క్రీన్ చూసి భయపడిన కస్టమర్ మళ్లీ అటు రాడు. అలాగని ముద్ర వేయకుండా వదిలేస్తే ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఎవరి చేతికో పోతాయి. ఈ రెండింటి మధ్య ఇరవై ఏళ్లకు పైగా గొడవ నడుస్తోంది. అందులో కొన్ని అమెరికా కోర్టుల దాకా వెళ్లాయి.

ముద్ర ఎలా పడుతుంది?

మనకు తెలియకుండా, మన అనుమతి లేకుండా సమాచారం లాగేసే ప్రోగ్రామ్‌ను స్పైవేర్ అంటారు. దాన్ని పట్టుకునేది యాంటీ స్పైవేర్. ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర పెద్ద జాబితాలు ఉంటాయి. ఏ సైట్ నుంచి వైరస్ వచ్చింది, ఏ సైట్ బ్యాంకు పేజీలా నటించి పాస్‌వర్డ్ అడిగింది, ఏ ప్రోగ్రామ్ చెప్పకుండా ఇన్‌స్టాల్ అయింది అన్న వివరాలన్నీ అందులో చేరతాయి. గూగుల్ ‘సేఫ్ బ్రౌజింగ్’ జాబితాను క్రోమ్‌తో పాటు ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు కూడా వాడుకుంటాయి. అంటే ఒక్క చోట పేరు ఎక్కితే చాలా చోట్ల తలుపులు మూసుకుంటాయి.

యజమాని తప్పేమీ లేకపోయినా పేరు ఎక్కవచ్చు. సైట్ పాత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే హ్యాకర్లు లోపలికి దూరి తమ కోడ్ పెట్టేస్తారు. ఇంకో కారణం షేర్డ్ హోస్టింగ్. తక్కువ ధరకు వస్తుందని ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి. వాటిలో ఒకటి మోసం చేస్తే కొన్ని టూల్స్ ఆ సర్వర్ అడ్రస్ మొత్తాన్నీ అడ్డుకుంటాయి. ఒక ఫ్లాట్‌వాళ్లు బిల్లు ఎగ్గొడితే అపార్ట్‌మెంట్ మొత్తానికి కరెంటు తీసేసినట్టు అన్నమాట.

2009 జనవరి 31న జరిగింది ఇంకా పెద్ద పొరపాటు. గూగుల్‌లో ఏది వెతికినా ప్రతి సైట్ పక్కన ‘ఇది మీ కంప్యూటర్‌కు హాని చేయవచ్చు’ అని కనిపించింది. జాబితాలోకి ఒక ఏటవాలు గీతను ఎవరో పొరపాటున ఎక్కించారు. ఆ గీత ప్రతి వెబ్ అడ్రస్‌లోనూ ఉంటుంది కాబట్టి ప్రపంచంలోని సైట్లన్నీ ప్రమాదకరం అయిపోయాయి. అది మనిషి చేసిన తప్పేనని గూగుల్ ఒప్పుకుని, గంట లోపే సరిచేసింది.

కుకీ గూఢచారా?

మొదట్లో ఎక్కువ వాదన కుకీల మీద నడిచింది. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న టెక్స్ట్ ఫైల్. అది ప్రోగ్రామ్ కాదు, కంప్యూటర్‌ను పాడు చేయలేదు. కానీ ఒకే ప్రకటనల కంపెనీ వేల సైట్లలో తన కుకీ పెడితే, మనం ఎక్కడెక్కడ తిరిగామో దానికి తెలిసిపోతుంది. యాడ్-అవేర్, స్పైబాట్ లాంటి టూల్స్ ఈ ట్రాకింగ్ కుకీలను కూడా పట్టి చూపించాయి. ‘మీ కంప్యూటర్‌లో ఇన్ని ముప్పులు దొరికాయి’ అన్న లెక్కలో కుకీలు కూడా కలిసేవి. మామూలు కుకీని వైరస్‌తో కలిపి జనాన్ని భయపెడుతున్నారని ప్రకటనల కంపెనీలు అన్నాయి. అడగకుండా వెంటపడటం కూడా గూఢచర్యమేనని టూల్స్ వైపువాళ్లు అన్నారు. చివరికి బ్రౌజర్లే ఒక పక్షం తీసుకున్నాయి. ఫైర్‌ఫాక్స్ 2019లో ట్రాకింగ్ కుకీలను, సఫారీ 2020లో బయటి కంపెనీల కుకీలన్నింటినీ తమంతట తామే ఆపడం మొదలుపెట్టాయి.

కోర్టుకెక్కిన కంపెనీలు

2003లో గేటర్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ కంపెనీ, తనను స్పైవేర్ అన్నందుకు పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ మీద పరువు నష్టం దావా వేసింది. కేసు రాజీతో ముగిసింది. పీసీ పిట్‌స్టాప్ ఆ పేజీలను తీసేసింది. అదే ఏడాది న్యూ డాట్ నెట్ అనే కంపెనీ స్వీడన్‌కు చెందిన లావాసాఫ్ట్ మీద కేసు వేసింది. తన ప్రోగ్రామ్‌ను యాడ్-అవేర్ తొలగిస్తోందన్నది దాని ఫిర్యాదు. ఇది ప్రజలకు సంబంధించిన విషయం మీద చెప్పిన మాట అంటూ కాలిఫోర్నియా కోర్టు 2004లో ఆ కేసును కొట్టేసింది.

తర్వాత అందరి దృష్టి పడింది జాంగో కేసు మీద. ఉచిత వీడియోలు, ఆటలు ఇస్తామని చెప్పి పాప్-అప్ ప్రకటనలు చూపించే కంపెనీ ఇది. ప్రజల అనుమతి సరిగా తీసుకోకుండా సాఫ్ట్‌వేర్ ఎక్కించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించడంతో 2006లో 30 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అలాంటి కంపెనీ 2007లో తన ప్రోగ్రామ్‌ను అడ్డుకుంటున్నారని కాస్పర్‌స్కీ మీద కేసు వేసింది. 2009 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కాస్పర్‌స్కీ వైపే తీర్పు చెప్పింది. అభ్యంతరకరమైన వాటిని అడ్డుకునే సాధనాలు ఇచ్చే కంపెనీలకు అమెరికా 1996 చట్టంలోని సెక్షన్ 230 రక్షణ ఇస్తుందని చెప్పింది. అయితే ఆ బెంచిలోని ఒక న్యాయమూర్తి విడిగా ఒక హెచ్చరిక చేశారు. ఇంత రక్షణ ఉంటే రేపు ఎవరైనా పోటీ కంపెనీని దెబ్బ తీయడానికి దీన్ని వాడుకోవచ్చన్నారు.

పదేళ్లకు సరిగ్గా అదే ప్రశ్న ముందుకొచ్చింది. స్పైహంటర్ తయారు చేసే ఎనిగ్మా, మాల్‌వేర్‌బైట్స్ రెండూ కంప్యూటర్ భద్రత అమ్ముకునే కంపెనీలే. 2016లో మాల్‌వేర్‌బైట్స్ తన నియమాలు మార్చి స్పైహంటర్‌ను ‘అక్కర్లేకపోవచ్చు’ అన్న జాబితాలో పెట్టి ముప్పుగా చూపించింది. పోటీ కంపెనీ అనే ఇలా చేసిందని ఎనిగ్మా కేసు వేసింది. పోటీదారును దెబ్బ తీయాలన్న ఉద్దేశంతో అడ్డుకుంటే సెక్షన్ 230 కాపాడదని 2019లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ కేసులో జోక్యం చేసుకోలేదు. 2023 జూన్‌లో అప్పీళ్ల కోర్టు మాటల మధ్య తేడా చూపింది. ‘అక్కర్లేకపోవచ్చు’ అనడం అభిప్రాయం, దాని మీద దావా నిలవదు. ‘హానికరం’, ‘ముప్పు’ అనడం మాత్రం నిజమో కాదో తేల్చగలిగిన మాట, కాబట్టి అలా అన్నవాళ్లు కోర్టులో జవాబు చెప్పాల్సి రావచ్చు.

ముద్ర వేసేవాళ్ల మీద నమ్మకం ఎంత?

2005లో మైక్రోసాఫ్ట్ టూల్, క్లారియాగా పేరు మార్చుకున్న అదే గేటర్ ప్రోగ్రామ్ విషయంలో ‘పక్కన పెట్టండి’ అనే సలహాను ‘పట్టించుకోకండి’గా మార్చింది. ఆ సమయంలోనే మైక్రోసాఫ్ట్ క్లారియాను కొనడానికి మాట్లాడుతోందని వార్తలు రావడంతో విమర్శలు వెల్లువెత్తాయి. అందరికీ వర్తించే నియమం ప్రకారమే మార్చామని మైక్రోసాఫ్ట్ వివరణ ఇచ్చుకుంది. అదే ఏడాది యాంటీ స్పైవేర్ కంపెనీల సంఘం ‘కోస్ట్’ కూడా చీలిపోయింది. తర్వాత జాంగోగా మారిన 180 సొల్యూషన్స్‌ను సభ్యుడిగా చేర్చుకోవడంతో కొన్ని పెద్ద కంపెనీలు బయటికి వెళ్లిపోయాయి. దాని తర్వాత ‘యాంటీ స్పైవేర్ కొయలిషన్’ ఏర్పడి, ఏది స్పైవేర్, ఏది కాదు అన్నదానికి ఉమ్మడి నిర్వచనాలు రాసింది.

హెచ్చరిక రాలేదంటే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక కథనం ఇచ్చింది. నమాజ్ వేళలు చూపించే ముస్లిం ప్రో యాప్ నుంచి వాడేవాళ్ల లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే డేటా కంపెనీకి, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరుతున్నాయని అందులో ఉంది. యాప్ కంపెనీ ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ కోడ్‌ను యాప్‌ల నుంచి తీసేయాలని ఆపిల్, గూగుల్ అదే డిసెంబర్‌లో చెప్పాయి. 2024 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ వివరాలను ఆ కంపెనీ అమ్మకుండా ఆంక్షలు పెట్టింది. ఆ యాప్ దొంగ చోటు నుంచి వచ్చింది కాదు, అందరూ వాడే అధికారిక స్టోర్లలోనే ఉంది.

చూసేవాళ్లు చేయాల్సింది

హెచ్చరికలన్నీ ఒకటి కాదు. అడ్రస్ పక్కన ‘నాట్ సెక్యూర్’ అని ఉంటే కనెక్షన్‌కు తాళం లేదని అర్థం. 2018 జూలై నుంచి క్రోమ్ అలాంటి సైట్లన్నింటికీ ఆ మాట చూపిస్తోంది. అక్కడ చదువుకోవచ్చు, కానీ పాస్‌వర్డ్, కార్డు నంబర్ ఇవ్వకూడదు. స్క్రీన్ మొత్తం ఎర్రగా మారితే మాత్రం వెనక్కి రావాలి. తెలిసిన సైటే అయినా ఆ రోజు హ్యాక్ అయి ఉండవచ్చు. సైట్‌వాళ్లకు ఫోన్ చేసి చెబితే వాళ్లకూ మేలు.

అనుమానం ఉంటే సైట్ అడ్రస్‌ను వైరస్‌టోటల్‌లో వేసి చూడవచ్చు. దాదాపు 70 భద్రతా కంపెనీల అభిప్రాయాలు ఒకే చోట కనిపిస్తాయి. ఒక్కరే తప్పు పట్టి మిగతావాళ్లు పట్టకపోతే పొరపాటు కావచ్చు. పది మంది పడితే అటు వెళ్లొద్దు. అందులో ఆధార్, పాస్‌పోర్టు కాపీలు మాత్రం ఎక్కించవద్దు. అక్కడ వేసిన ఫైళ్లు ఇతర కంపెనీలకు కూడా అందుతాయి.

‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అని సైట్‌లోనే వచ్చే పాప్-అప్ హెచ్చరిక కాదు, మోసం. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వైరస్ తొలగించే ఉచిత టూల్స్ కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో దొరుకుతాయి.

సైట్ నడిపేవాళ్లు చేయాల్సింది

ముద్ర పడిందని తెలియగానే ముందు ఏ కంపెనీ వేసిందో, ఏ మాట వాడిందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తర్వాత హోస్టింగ్‌వాళ్లతో సైట్ మొత్తం వెతికించి, చొరబడిన కోడ్ ఉంటే తీసేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి. గూగుల్ హెచ్చరిక అయితే సెర్చ్ కన్సోల్‌లో కారణం కనిపిస్తుంది. అక్కడే మళ్లీ పరిశీలించమని అడగవచ్చు. జవాబుకు ఒక రోజు నుంచి కొన్ని వారాల దాకా పడుతుంది. శుభ్రం చేయకుండా తొందరపడి అడగకూడదు. సరిచేసినట్టు చూపించి మళ్లీ మళ్లీ అదే తప్పు చేసే సైట్లకు 30 రోజుల పాటు మరో విన్నపం అవకాశం ఉండదని గూగుల్ 2016లో నియమం పెట్టింది. మిగతా యాంటీవైరస్ కంపెనీలకు పొరపాటు ముద్రల మీద ఫిర్యాదు చేసే ఫారాలు వేరుగా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా రాయాల్సిందే.

సైట్‌లో ఏ ట్రాకర్లు ఉన్నాయో యజమానికే తెలియకపోవడం ఇంకో సమస్య. డిజైనర్ పెట్టిన ఉచిత ప్లగిన్, ప్రకటనల కోడ్ చాటుగా వివరాలు లాగుతుండవచ్చు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లోకి వస్తున్న కొద్దీ, ఎవరి వివరాలు తీసుకున్నా సాధారణంగా వాళ్ల అనుమతి అడగాల్సి ఉంటుంది. పెళ్లి సంబంధాల సైట్లలో ఆడపిల్లల ఫొటోలు, ఇంటి అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి వాటిని నడిపేవాళ్లకు ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. అక్కర్లేని కోడ్ తీసేసి, ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో సైట్‌లో తేలిక భాషలో రాసి పెడితే సగం గొడవ మొదలుకాకుండానే ఆగిపోతుంది.