మెదక్ ప్రాంతంలో ఖాళీ అయిన ఊళ్లు

పాడుబడ్డ బంగ్లాలు, మనుషుల్లేని ఊళ్లంటే జనానికి భయం ఎంతో ఆసక్తీ అంతే. రాజస్థాన్‌లోని కుల్‌ధరా, 1964 తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోడి పేరెత్తితే చాలు, దయ్యాల కథలు మొదలవుతాయి. రేగోడ్ చుట్టుపక్కల అలాంటి ఊళ్లు వెతకాలంటే నీళ్ల కిందే వెతకాలి. ఇక్కడ ఊళ్లను ఖాళీ చేయించింది దయ్యాలు కాదు, ప్రాజెక్టులు.

మంజీరపై నిజాంసాగర్‌ను 1923-31 మధ్య కట్టారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్‌ను నేటికీ గౌరవంగా తలుస్తాం. ఆ నీళ్ల కోసం లేచిపోయిన దాదాపు 40 ఊళ్ల పేర్లు అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. తర్వాత అదే నదిపై సింగూరు వచ్చింది.

ఇటీవలిది మల్లన్నసాగర్. అప్పటి ఉమ్మడి మెదక్‌లోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్ సహా ఎనిమిది ఊళ్లు 2021లో ఖాళీ అయ్యాయి. 50 టీఎంసీల ఈ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. చాలామందికి గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లిలో ఇళ్లిచ్చారు. కూల్చిన ఇళ్ల ఫొటోలు చూసి 'దయ్యాల ఊరు' అనడం తేలికే. అక్కడ పుట్టినోళ్లకు షబ్-ఏ-బరాత్ నాడు పోదామంటే పాత ఖబ్రస్తాన్ లేదు, పెత్రమాసకు తాతలు తిరిగిన వాకిలీ లేదు.

చూడాలనే కోరిక ఉంటే మెదక్ ఖిల్లా ఎక్కండి. కాకతీయుల నాటి కోట, లోపల కుతుబ్‌షాహీల కాలం మసీదు, ముబారక్ మహల్. పాలకులు మారారు, కోట అవసరం తీరింది, అందుకే ఖాళీ అయింది.