పొగ కనిపించిన ఐదు రోజులు

అడవిలో బయటి మనిషి తప్పిపోతే అనుమానం మొదట ఎవరి మీద పడుతుంది? ఆ అడవిలో బతికేవాళ్ళ మీదే. వందేళ్ళ కిందట బ్రెజిల్ దేశంలో ఇలాగే జరిగింది. ఆ కథను పట్నాల వైపు నుంచి చాలామంది రాశారు. మేము దాన్ని అక్కడి ఆదివాసుల వైపు నుంచి చూడదలచుకున్నాం.

పెర్సీ ఫాసెట్ 1867లో పుట్టిన బ్రిటిష్ సైనికాధికారి. 1906 నుంచి బొలీవియా సరిహద్దులు సర్వే చేస్తూ ఏళ్ళ తరబడి అమెజాన్ అడవుల్లో తిరిగాడు. మాటో గ్రోసో ప్రాంతంలో ఒక ప్రాచీన మహానగరం దాగి ఉందని నమ్మి, దానికి ‘జెడ్’ అని పేరు పెట్టుకున్నాడు. 1925లో కొడుకు జాక్‌ను, జాక్ స్నేహితుడు రాలీ రిమెల్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మే 29న తన గుర్రం ఒకప్పుడు చచ్చిపోయిన మకాం నుంచి భార్యకు ఉత్తరం రాసి, దాన్ని సహాయకుల చేతికిచ్చి వాళ్ళను వెనక్కి పంపేశాడు. ఆ తర్వాత ముగ్గురి జాడా లేదు.

వెతకడానికి ఎందరో వెళ్ళారు. 1928లో వెళ్ళిన జార్జ్ డయాట్, ఫాసెట్‌ను ఆదివాసులే చంపారని తిరిగొచ్చి చెప్పాడు. శవం దొరకలేదు, చూసిన సాక్షి లేడు. అయినా ఆ మాట పత్రికల్లో పాకిపోయింది. 1951లో ఓర్లాండో విల్లాస్ బోస్‌కు కలపాలో తెగవాళ్ళు కొన్ని ఎముకలు చూపించారు. అవి ఫాసెట్‌వేనని ప్రచారమైంది. లండన్‌లో నిపుణులు పరీక్షిస్తే అవి ఫాసెట్ కన్నా పొట్టి మనిషివని తేలింది. అవి తమ పూర్వీకుడి ఎముకలని కలపాలోలు తర్వాత చెప్పారు. బయటివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగిందే అడుగుతుంటే ఊరు ఎంత విసిగిపోతుందో మనం ఊహించుకోగలం.

మరి కలపాలో పెద్దలు ఏం చెబుతున్నారు? ముగ్గురు తెల్లవాళ్ళు తమ ఊరికి వచ్చారు. తూర్పు దిక్కుకు పోతామన్నారు. అటు ఉన్న తెగలు ప్రమాదకరమైనవి, పోవద్దని పెద్దలు వారించారు. వాళ్ళు వినలేదు. ఐదు రోజుల పాటు అడవి పైన వాళ్ళ మంట పొగ కనిపించింది. ఆ తర్వాత కనిపించలేదు.

ఈ మాటను కూడా తూకం వేయాల్సిందే. నింద తమ మీద ఉంది కాబట్టి కలపాలోలు తమకు అనుకూలంగా చెప్పి ఉండవచ్చని ఎవరైనా అనవచ్చు. కానీ ఈ కథనంలో దిక్కు ఉంది, రోజుల లెక్క ఉంది, కంటితో చూసిన గుర్తు ఉంది. తూర్పున తామే చంపామని గానీ, ఫలానా తెగ చంపగా చూశామని గానీ అందులో లేదు. చూసినంత వరకే చెప్పి ఆగిపోయింది. డయాట్ మాటలో ఆ నిగ్రహం లేదు.

మా ఊహ ఇది. ముగ్గురూ తూర్పున కొద్ది రోజుల నడక దూరంలోనే చనిపోయి ఉంటారు. రిమెల్ కాలు అప్పటికే పాడైంది. వెంట తిండి తక్కువ. ఎవరైనా దాడి చేసి ఉండవచ్చు, ఆకలో జ్వరమో తీసుకుపోయి ఉండవచ్చు. పొగ ఆగిందంటే మంట ఆగిందనో, మనుషులు చూపుకు అందనంత దూరం పోయారనో అర్థం. హత్య జరిగిందని అది రుజువు చేయదు. ఫాసెట్ ఏదో తెగకు నాయకుడై బతికాడన్న పుకారును మాత్రం మేము నమ్మం. ముగ్గురు కొత్త మనుషులు ఏళ్ళ తరబడి ఉంటే చుట్టుపక్కల పది ఊళ్ళు ఆ మాట చెప్పుకునేవి.

ఇంకో విషయం. ఫాసెట్ వెతికిన లాంటి రాతి నగరం దొరకలేదు. కానీ కలపాలోల పొరుగువారైన కుయికురో తెగ నేలలో మట్టికట్టలు, కందకాలు, వెడల్పాటి బాటలు, పెద్ద ఊళ్ళ ఆనవాళ్ళు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ హెకెన్‌బెర్గర్ 2003లో ‘సైన్స్’ పత్రికలో ఆ వివరాలు ప్రకటించాడు. కుయికురో నాయకుడు అఫుకాకా పేరు కూడా ఆ వ్యాస రచయితల్లో ఉంది. ఆ ఊళ్ళు కట్టినవాళ్ళ వారసుల మధ్య నుంచే ఫాసెట్ నడిచిపోయాడు. ఆ గొప్పతనం వాళ్ళ పూర్వీకులదని అతనికి తోచలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, మన గూడేల్లో కూడా తప్పిపోయినవాళ్ళ కథలు, తిరిగిరానివాళ్ళ కథలు ఉన్నాయి. పిల్లల చేత వాటిని రాయిద్దాం. చెప్పింది ఎవరు, వాళ్ళు కళ్ళారా చూసిందేది, విన్నదేది అని మూడు గళ్ళు గీయిద్దాం. ఊహ ఉంటే దాన్ని ఊహ అనే రాయిద్దాం. అప్పుడు మన పెద్దల మాటను కట్టుకథ అని ఎవరూ పక్కన పెట్టలేరు. మన మీద మోపే నిందకు కూడా రుజువు అడిగే హక్కు మనకు ఉంటుంది.