అమెరికన్ బేస్‌బాల్‌లో లీగుల బలాబలాలు: వర్ణనిషేధం, విస్మృతమైన మూడవ పక్షం

ఉపోద్ఘాతం

అమెరికా వృత్తి బేస్‌బాల్ చరిత్రను సాధారణంగా రెండు లీగుల స్పర్ధగా చిత్రిస్తారు. నేషనల్ లీగు 1876లో ఏర్పడింది. అమెరికన్ లీగు 1901లో తానూ దానితో సమాన స్థాయి గలదానినని ప్రకటించుకుంది. 1903లో సంధి కుదిరి, అదే ఏడాది ఇరు లీగుల విజేతల మధ్య తొలి వరల్డ్ సిరీస్ జరిగింది. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశకాలలో ఆధిక్యం ఒక లీగు నుండి మరొక లీగుకు ఎట్లా మారిందో, ఆ మార్పుకు మూలమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కొలమానాల సమస్య

1997 వరకు సాధారణ సీజనులో ఒక లీగు జట్టు మరొక లీగు జట్టుతో ఆడేది కాదు. కనుక పోల్చడానికి మిగిలే ఆధారాలు రెండే: వరల్డ్ సిరీస్, 1933లో చికాగోలో మొదలైన ఆల్‌స్టార్ పోటీ. మొదటిది రెండు ఉత్తమ జట్ల బలాన్ని చూపుతుంది. రెండవది లీగు మొత్తంలోని ప్రతిభను చూపుతుంది. ఈ భేదాన్ని గుర్తించకపోతే నిర్ణయాలు తారుమారవుతాయి.

1933 నుండి 1949 వరకు జరిగిన 16 ఆల్‌స్టార్ పోటీలలో అమెరికన్ లీగు 12 గెలిచింది. 1963 నుండి 1982 వరకు జరిగిన 20 పోటీలలో నేషనల్ లీగు 19 గెలిచింది. ఇంతటి తారుమారును కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయడం కష్టం.

వర్ణనిషేధపు సడలింపు

నల్లజాతి ఆటగాళ్లను బయట నిలిపిన అలిఖిత కట్టుబాటు 1947 ఏప్రిల్ 15న తెగింది. ఆ రోజు జాకీ రాబిన్‌సన్ నేషనల్ లీగులోని బ్రూక్లిన్ డాడ్జర్స్ పక్షాన బరిలోకి దిగాడు. అదే జులైలో అమెరికన్ లీగులోని క్లీవ్‌లాండ్ లారీ డోబీని తీసుకుంది. అంటే ఆరంభంలో రెండు లీగుల మధ్య అంతరం మూడు నెలలు కూడా లేదు. అంతరం పెరిగింది ఆ తరువాతి దశాబ్దంలోనే.

విల్లీ మేస్ (1951), ఎర్నీ బ్యాంక్స్ (1953), హాంక్ ఆరన్ (1954), రొబెర్తో క్లెమెంతే (1955), ఫ్రాంక్ రాబిన్‌సన్ (1956) అందరూ నేషనల్ లీగులోనే ప్రవేశించారు. అమెరికన్ లీగులో న్యూయార్క్ యాంకీస్ 1955 దాకా, డెట్రాయిట్ 1958 దాకా, బోస్టన్ రెడ్ సాక్స్ 1959 దాకా నల్లజాతి ఆటగాణ్ణి ఆడించలేదు. 1949–1959 మధ్య 11 సీజన్లలో తొమ్మిదింట నేషనల్ లీగు అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం నల్లజాతి క్రీడాకారులకే దక్కింది. అమెరికన్ లీగులో అది తొలిసారి జరిగింది 1963లో, ఎల్‌స్టన్ హవర్డ్‌తో.

ఒక ఆక్షేపణ

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ యాంకీస్ విజయాలే. 1949–1962 మధ్య ఆ జట్టు తొమ్మిది వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. అయితే ఒక్క జట్టు శిఖరాన నిలవడం లీగు బలానికి నిదర్శనం కాదు. ఇతర జట్ల బలహీనత వల్ల కూడా ఆ శిఖరం ఎత్తుగా కనిపించవచ్చు. పైగా ఆ విజయాలే మార్పు అనవసరమన్న భ్రమను పోషించి ఉండవచ్చు. 1965 సీజను తరువాత సిన్సినాటి నుండి బాల్టిమోర్‌కు మారిన ఫ్రాంక్ రాబిన్‌సన్, 1966లో అమెరికన్ లీగు బ్యాటింగు సగటు, హోమ్‌రన్‌లు, ఆర్‌బీఐలు మూడింటా అగ్రస్థానం పొందాడు. అతని జట్టు వరల్డ్ సిరీస్‌ను 4–0తో గెలిచింది. ఒక్క ఆటగాడి ఉదాహరణ సిద్ధాంతాన్ని నిరూపించదు గాని, అది పైన చెప్పిన దిశనే సూచిస్తుంది.

మూడవ పక్షం

రెండు లీగుల తులాభారంలో కనబడనిది మూడవ పక్షం. 1920లో రూబ్ ఫాస్టర్ చొరవతో నీగ్రో నేషనల్ లీగు ఏర్పడింది. మేస్ బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌లోను, బ్యాంక్స్ కాన్సాస్ సిటీ మోనార్క్స్‌లోను ఆడి వచ్చినవారే. జాకీ రాబిన్‌సన్ కోసం డాడ్జర్స్ మోనార్క్స్‌కు పరిహారమేదీ చెల్లించలేదు; డోబీ కోసం క్లీవ్‌లాండ్ నూవర్క్ ఈగిల్స్‌కు సొమ్ము చెల్లించింది. ఆటగాళ్లతోపాటు ప్రేక్షకులూ తరలిపోగా, ఆ పేరుతోనే 1933లో మళ్లీ వెలసిన లీగు 1948 సీజనుతో ముగిసింది. ఒక లీగు ఆధిక్యంగా నమోదైనది మరొకచోట ఒక వ్యవస్థ పతనంగా పరిణమించింది. విముక్తి, నష్టం ఇక్కడ ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

ముగింపు

1965లో వచ్చిన డ్రాఫ్ట్ పద్ధతి, 1970ల నడుమ ఆటగాళ్లకు లభించిన ఒప్పంద స్వేచ్ఛ ప్రతిభా పంపిణీ మార్గాలను మార్చాయి. 1997–2009 నడుమ 13 ఆల్‌స్టార్ పోటీలలో అమెరికన్ లీగు 12 గెలిచింది, ఒకటి సమమైంది. కనుక ఆధిక్యం ఏ లీగుకూ సహజ గుణం కాదు. ఎవరికి తలుపు తెరిచారన్న నిర్ణయం దాని ప్రధాన మూలాలలో ఒకటి. 1920–1948 నాటి ఏడు నీగ్రో లీగులకు 2020 డిసెంబరులో మేజర్ లీగు హోదా లభించింది. 2024లో వాటి గణాంకాలు అధికారిక పట్టికలలో చేరాయి. అందుచేత రెండు లీగుల బలాబలాల చరిత్రను ఇకపై మూడవ పక్షాన్ని కలుపుకొనే రాయవలసి ఉంటుంది.