సిర్తా పంచనామా: 82 ఆడవాళ్ళ అంగీలు

రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవుల మీద సాగిన హింస అనగానే సింహాలు, హతసాక్షులు గుర్తొస్తారు. చర్చిల్లో విన్న కథ అదే. మేం ఇక్కడ చదవబోయేది మాత్రం ఒక జప్తు పంచనామా. రాయించింది హింసించిన ప్రభుత్వమే.

303 ఫిబ్రవరిలో డయోక్లీషియన్ చక్రవర్తి శాసనం వచ్చింది. చర్చిలు కూల్చాలి, గ్రంథాలు తగలబెట్టాలి. హోదా ఉన్నవాళ్ళకు హోదా పోతుంది. ఇళ్ళల్లో చాకిరీ చేసేవాళ్ళు మతం వదలకపోతే స్వేచ్ఛ పోతుందని యూసేబియస్ రాశాడు. బానిసకు ఇక విడుదల ఉండదనే చాలామంది దీనికి అర్థం చెప్తారు. బానిసకు ఉన్నదే ఆ ఒక్క ఆశ. దాని మీదే దెబ్బ కొట్టారన్నమాట.

అదే ఏడు మే 19న ఉత్తర ఆఫ్రికాలోని సిర్తాలో (ఇప్పటి అల్జీరియాలో ఉంది) నగరాధికారి మునాషియస్ ఫెలిక్స్ క్రైస్తవులు కూడుకునే ఇంటికి వెళ్ళాడు. బిషప్ పౌలు కూర్చుని ఉన్నాడు, డీకన్లు నిలబడి ఉన్నారు. పెద్దాచిన్నా తేడా అప్పటికే లోపల ఉంది. వాళ్ళతోపాటు సమాధులు తవ్వేవాళ్ళూ ఉన్నారు. కొందరి పేర్లు రాసి, మిగతావాళ్ళను 'తక్కిన తవ్వేవాళ్ళు' అని సరిపెట్టాడు గుమాస్తా. శవాలు పూడ్చే పని మన ఊళ్ళల్లో ఎవరి నెత్తిన పెట్టారో పాఠకులకు చెప్పనక్కర్లేదు. సిర్తాలో వాళ్ళు సంఘ పరివారంలో లెక్కకు వచ్చారు, చివరి వరసలోనైనా.

ఇక జాబితా. బంగారు గిన్నెలు రెండు, వెండి గిన్నెలు ఆరు, దీపాలు. ఆ తర్వాత ఆడవాళ్ళ అంగీలు 82, మగవాళ్ళవి 16. ఆడవాళ్ళ చెప్పులు 47 జతలు, మగవాళ్ళవి 13. ఇవి పేదలకు పంచడానికి దాచిన బట్టలని చరిత్రకారులు అంటారు. మాకూ అదే సబబనిపిస్తుంది. పూజకు 47 జతల చెప్పులు దేనికి? సంఘం చేయి చాచి నిలబడింది ఎక్కువగా ఆడవాళ్ళేనని ఆ అంకెలే చెప్తున్నాయి. ఏ బిషప్పూ ఈ లెక్క రాసిపెట్టలేదు. శత్రువు గుమాస్తా రాశాడు.

గ్రంథాల బీరువాలు ఖాళీ. చదివేవాళ్ళ ఇళ్ళకు పోయారు. కొడ్డియో అనే అతని భార్య ఆరు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. మొగుడి పేరుంది, ఆమె పేరు లేదు. ఇంకా దాచిందేమో చూడమని నగరపు బానిసను లోపలికి పంపారు. అతని పేరు బోస్, అంటే ఎద్దు. వెతికాను, దొరకలేదు అన్నాడు. అతను ఎంత గట్టిగా వెతికాడో రికార్డులో లేదు.

ఈ పంచనామా మిగలడానికి కారణం 320 నాటి కేసు. 303లో సబ్‌డీకన్‌గా అక్కడే ఉన్న సిల్వానస్ తర్వాత బిషప్పయ్యాడు. ఆనాడు చర్చి సొత్తు అప్పగించాడని అతని మీద ఆరోపణ. అప్పటికి హింస ఆగి ఏళ్ళయింది, చక్రవర్తి చర్చి పక్షాన ఉన్నాడు. ఆ విచారణలోనే ఇంకో సంగతి బయటపడింది. లుసిల్లా అనే ధనవంతురాలు 400 సంచుల డబ్బు ఇచ్చిందట. పేదలకేమైనా అందిందా అని అడిగితే, ఎవరికీ ఏమీ అందలేదన్నారు సాక్షులు.