డబ్లిన్ రైలు, మద్రాసు రైలు

ఫిజీలో చెరకు బండి నడిచిన పట్టాల వెడల్పు 2 అడుగులు. మన పెద్దలలో చాలామందికి రైలంటే అదే. అయితే గిర్మిట్ మీద వచ్చిన మన పూర్వులలో రైలెక్కి మద్రాసు చేరినవారు అంతకు ముందే పెద్ద రైలు చూశారు. విశాఖపట్నం వైపు నుండి బెజవాడకు 1890లలో వేసిన దారి 1899లో మద్రాసును కలిసింది. 1903 నుండి మద్రాసు రేవులో ఫిజీ ఓడలు ఎక్కించారు. ఆ రైలు పట్టాల వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు.

నేను కాపురముంటున్న కాలిఫోర్నియా డబ్లిన్‌లో బార్ట్ రైలు పట్టాలు కూడా సరిగ్గా అంతే! అమెరికాలో తక్కిన రైళ్ళకు సాధారణంగా 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. తేలిక పెట్టెలు గాలికి ఊగకుండా నిలవాలని బార్ట్ వారు వెడల్పు పట్టాలు వేశారు. గోల్డెన్ గేట్ వంతెన మీద కూడా నడపాలని అప్పట్లో అనుకున్నారు. అది జరగలేదు.

డబ్లిన్‌లో ఈ రైలు పెద్ద రోడ్డు మధ్యన, ఎండలోనే నడుస్తుంది. అసలు వింత ఓక్లండ్ దాటిన తరువాత. అక్కడ సముద్రపు పాయ అడుగున 3.6 మైళ్ళ గొట్టం ఉంది. దాన్ని తవ్వలేదు. ఉక్కు, కాంక్రీటుతో 57 ముక్కలు ఒడ్డున చేసి, నీటి మీద తేల్చి తెచ్చి, అడుగున తీసిన కందకంలో ముంచి ఒకదానికొకటి కలిపారు. లోతు ఎక్కువైన చోట 135 అడుగులు. 1974 సెప్టెంబరు 16న రైళ్ళు అందులో నడిచాయి. 1979 జనవరిలో లోపల రైలు అంటుకుని ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. 1989 అక్టోబరు 17 భూకంపానికి పైనున్న బే వంతెనలో ఒక భాగం కూలింది, గొట్టం నిలిచింది. వంతెన బాగుచేసే నెల రోజులూ జనానికి ఈ రైలే దిక్కయింది.

1962లో మూడు కౌంటీల వోటర్లు 79 కోట్ల 20 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నారు. డబ్లిన్ ఉన్న అలమీడా కౌంటీ అందులో ఒకటి. పన్ను అప్పుడే మొదలు. రైలు మాత్రం 1997 మే 10న వచ్చింది. ముప్పై అయిదేళ్ళు! పక్కనున్న లివర్‌మోర్ వారూ అదే పన్ను కట్టారు. 2018లో బార్ట్ బోర్డు వారికి రైలు వేయబోమని తేల్చింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. చెరకు కంపెనీ బండి కూడా ఒకప్పుడు మనవాళ్ళను ఉచితంగా ఎక్కించుకునేది కదా.

మొదటి కాలపు పెట్టెలు 2023లో రోజువారీ పని మానుకున్నాయి. 2024 ఏప్రిల్ 20న వాటికి వీడ్కోలు ప్రయాణం చేశారు. వెడల్పు పట్టాలకు పెట్టెలు ప్రత్యేకంగా చేయించుకోవాలి, అది ఖర్చు. అందుకేనేమో, 2018లో ఆంటియోక్ వరకు పొడిగించిన దారికి బార్ట్ వారే అందరూ వాడే కొలత పట్టాలు వేసుకున్నారు.