కటౌట్ పెట్టె

మా అంబాసిడర్ ఎక్కడా గుద్దుకుని పోలేదు. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయి లోయలో పడనూ లేదు. రాయ్‌పూర్‌లో మా పెరటి వేపచెట్టు కింద, తాళంచెవి గోడమేకుకి వేలాడుతుండగా, రాత్రిపూట చడీచప్పుడు లేకుండా చచ్చిపోయింది. రోజుకి కొంచెం చొప్పున.

నాన్న విజయనగరంలో రైలెక్కి రాయ్‌పూర్‌లో దిగినవాడు. 1931లో ఈ రెండు ఊళ్లనీ కలుపుతూ లైను పూర్తయిన దగ్గర్నుంచీ మా వైపు జనం పని వెతుక్కుంటూ ఇటే వచ్చారు. మా పెదనాన్నలిద్దరూ రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో కుదురుకున్నారు. నాన్నకి ఆ ఉద్యోగం రాలేదు. 1978లో అప్పు చేసి, ఆరేళ్లు వాడిన మార్క్ 2 అంబాసిడర్ కొని స్టేషన్ ముందు టాక్సీ స్టాండులో పెట్టాడు. మా చదువులు, అక్క పెళ్లి, టిక్రాపారాలో ఇల్లు అన్నీ ఆ బండి డిక్కీలోంచే వచ్చాయని అమ్మ అనేది.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ పుట్టి, రాయ్‌పూర్ రాజధాని అయింది. రాత్రికి రాత్రి ఊరినిండా తెల్ల అంబాసిడర్లు, నెత్తిన ఎర్రబుగ్గలు. ఘడీ చౌక్‌లో మంత్రి బండీ మాదీ పక్కపక్కన ఆగితే నాన్న చూపు చూడాలి! ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి ఏడు డిసెంబర్ 13న పార్లమెంటు మీదికి వచ్చిన ముష్కరులు ఎక్కి వచ్చింది కూడా తెల్ల అంబాసిడరే. ఆ తర్వాత కొన్నేళ్లలో ప్రధాని కాన్వాయ్‌లోకి జర్మనీ బళ్లు దిగాయి. మంత్రులూ ఒక్కొక్కరే దిగిపోయారు. ఎర్రబుగ్గ లేని అంబాసిడర్ మళ్లీ ఉత్త టాక్సీ అయిపోయింది.

నాన్నకి ఆ బండి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, లైట్లు. దానికి ఉన్నది డైనమో. బాగా పరిగెత్తినప్పుడు మహా అయితే 20 పైచిలుకు ఆంపియర్లు ఇస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఇంజను నెమ్మదించిందా, అదీ లేదు. హెడ్‌లైట్లు కిరసనాయిలు దీపాల్లా మసకబారేవి. వాన రాత్రి వైపర్, లైట్లు కలిపి వేయాలంటే బ్యాటరీకి దణ్ణం పెట్టుకోవాల్సిందే. “ఆల్టర్నేటర్ ఎయ్యించాలిరా,” అని ఏళ్ల తరబడి అంటూనే 2012లో వెళ్లిపోయాడు.

ఆయన కోరిక తీర్చాలనిపించింది. 2013లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ముసలి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ముందు బ్యాటరీలో ఏ కొస ఎర్త్ అయిందో చూశాడు. పాత ఇంగ్లీషు పద్ధతి బళ్లలో ప్లస్ ఎర్త్ ఉండేది, దానికి ఆల్టర్నేటర్ తగిలిస్తే లోపలి డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. మాది మైనస్ ఎర్తే. డైనమో విప్పి, ఆల్టర్నేటర్ బిగించి, బానెట్ కింద గోడకున్న నల్లపెట్టె చూపించాడు.

“ఈ కటౌటు పెట్టి పీకీనా బాబూ? దీనికి ఇంక పన్లేదు.”

వద్దన్నాను. నాన్న ఉప్పుకాగితంతో దాని కాంటాక్టులు గీకుతూ కూర్చున్న ఆదివారాలు గుర్తొచ్చాయి. పైగా కొత్త తీగలు కంటికి కనబడకూడదన్నాను, బండి పాతగానే ఉండాలన్నాను. ఆయన తల గోక్కుని, పెట్టెని అక్కడే ఉంచి, దాని మీది రెండు లావు తీగల్నీ ఒకదానికొకటి కలిపేసి కరెంటుకి దారి ఇచ్చాడు.

లైట్లు పట్టపగల్లా వెలిగాయి.

నెల తిరక్కుండానే ఆదివారం పూట సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఊరుకుంది. పిల్లలు తోస్తే స్టార్టయింది. మళ్లీ ఆదివారం అంతే. బ్యాటరీ పాతదనుకుని కొత్తది వేయించాను. ఆర్నెల్లలో అదీ పోయింది. సీసం బ్యాటరీని అస్తమానం అడుగంటా దించితే పలకల మీద ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది, ఇక ఎంత చార్జి పెట్టినా పట్టదు. రెండోది కూడా ఆ దారిలోనే ఉండగా అమ్మ అలసిపోయింది. “మీ నాన్నతోటే అదీ పోయింది, వదిలెయ్,” అంది. తెలిసినాయన ఎవరో అడిగితే ఇచ్చేస్తామని మాట కూడా ఇచ్చేసింది.

2014 మే 24. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పాడా కర్మాగారంలో పని ఆపేసింది. 1942లో బిర్లాలు పెట్టిన కంపెనీ అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చు తెచ్చుకుని 1957లో అంబాసిడర్ మొదలుపెట్టారు. ఎనభైల నడుమ ఏడాదికి 24,000 బళ్లు అమ్మినవాళ్లు చివరి ఏడు 2,200 దగ్గర ఆగారు. 1983లో మారుతి వచ్చినప్పుడే అర్థం కావాల్సింది. 1992లో ఇసుజు ఇంజను తెచ్చి పెట్టారు, మంచి ఇంజనే. ఒళ్లు మాత్రం ముట్టుకోలేదు. మూతపడటానికి ముందటేడే లండన్ టీవీ కార్యక్రమం ఒకటి ప్రపంచంలోకెల్లా మేలైన టాక్సీ ఇదేనని తేల్చింది. చావు ముందు సన్మానం మనకి కొత్తేం కాదు.

ఆ వార్త చదివిన మధ్యాహ్నం, రాయ్‌పూర్ ఎండ నెత్తిన పెట్టుకుని, అసలు కరెంటు ఎటు పోతోందో చూడాలని కూర్చున్నాను. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టాను. 0.4 ఆంపియర్. చూడ్డానికి చిన్నదే. రోజుకి పది ఆంపియర్ గంటలు. మా బ్యాటరీ మొత్తం 60. ఆరు రోజులు చెట్టుకింద నిలబడి, ఏడో రోజు అరగంట గుడికి వెళ్లొచ్చే బండికి ఎంత పెద్ద ఆల్టర్నేటర్ ఉండి ఏం లాభం?

ఫ్యూజులన్నీ పీకాను. ముల్లు కదల్లేదు. ఆల్టర్నేటర్ డయోడ్ కారుతోందేమోనని దాని లావు తీగ విప్పాను. కదల్లేదు. విసుగొచ్చి చెయ్యి ఆనించింది ఆ నల్లపెట్టె మీద. పొద్దుట్నుంచి నీడలో ఉన్న బండి. బానెట్ రేకు కంటే, ఇంజను కంటే, ఆ మూత వెచ్చగా ఉంది.

అందులో ఉన్నది కటౌట్. ఇంజను ఆగాక బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా తలుపేసే కాపలాదారు. తలుపు తీయడానికి దానికో రాగితీగ చుట్ట, వోల్టేజీ చూడటానికి ఇంకోటి. రెండూ డైనమో వైపు బతికేవి. డైనమో ఆగితే అవీ నిద్రపోయేవి. రెండు తీగలూ కలిపేసరికి అవి తిన్నగా బ్యాటరీకి వేలాడాయి. ఆల్టర్నేటర్‌లో డయోడ్లే తలుపులు కాబట్టి ఈ కాపలాతో పని లేదు. అది మాత్రం రాత్రింబవళ్లు మెలకువగా ఉండి, ఇంటి తిండి తింటూ, ఎవరూ రాని తలుపు పట్టుకుని నిలబడింది. అదీ నా మాట మీదే.

తీగలు పెట్టెలోంచి తప్పించి బయట కలిపి బిగించాను. మీటరు సున్నా. రాత్రంతా చార్జింగు పెట్టాను.

మాట మాటే. తొలకరి పడ్డ వారం, అమ్మ మాటిచ్చిన ఆయన వచ్చాడు. మూడేళ్ల తర్వాత, 2017లో, అంబాసిడర్ అన్న పేరునే 80 కోట్లకి పెజో వాళ్లకి అమ్మేశారని చదివినప్పుడు, మా బండి ఎంతకి పోయిందో గుర్తొచ్చి నవ్వొచ్చింది. బేరం ఆడకుండా ఇచ్చేశాం. పెట్టె ఒక్కటీ విప్పి ఉంచుకున్నాను. ఆయన అడగలేదు కూడా.

ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. సన్నగా జల్లు. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. నేను మెయిన్ రోడ్డు దాకా వెనకాలే నడిచాను. సిగ్నల్ ఎర్రగా ఉంది. బండి ఆగింది, వైపర్ ఆడుతోంది. హెడ్‌లైట్లు మసకబారలేదు.